కొత్త బోర్డు వచ్చింది, పాత ఆటలు ఇంకా రాలేదు: ఈలోపు ఏం చేయాలి?

రాస్ప్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్) కొత్త బోర్డు చేతికొచ్చింది. పాత బోర్డులో రోజూ నడుస్తున్న ఎస్‌డీ కార్డు తీసి ఇందులో పెట్టారు. టీవీలో ఆటల మెనూ రాలేదు. ఈ ఓఎస్ ఈ బోర్డుకు పనికిరాదన్న అర్థంలో ఇంగ్లిష్‌లో ఏదో వచ్చింది, లేదా నల్ల తెరే మిగిలింది. బోర్డు పాడైందేమో, వెనక్కి పంపాలేమో అని టెన్షన్ పడకండి. బోర్డు బాగానే ఉంది. కార్డులోని రెట్రో (పాతకాలపు) ఆటల సాఫ్ట్‌వేర్ ఈ బోర్డును ఇంకా ఎరగదు, అంతే.

శ్రీకాకుళం, ఆమదాలవలస, పలాస, ఇటు విజయనగరం, బొబ్బిలి లాంటి ఊళ్లలో ఉండి బోర్డు ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మనకు ఈ సామాను వీధి చివర దొరకదు. చిన్న కేబుల్ ఒకటి మరిచిపోయినా విశాఖ బస్సెక్కాలి, లేదా మళ్లీ కొరియర్ కోసం కూర్చోవాలి. కాబట్టి సాఫ్ట్‌వేర్ వచ్చేలోపు ఏమేం సిద్ధం చేసుకోవచ్చో, ఏ విషయంలో నిజంగా ఆగాలో, ఏ విషయంలో ఆగనక్కర్లేదో చెబుతాను. ఉదాహరణకు రాస్ప్‌బెర్రీ పై 5ని (పై-5) తీసుకుంటున్నాను. రేపు ఇంకో బోర్డు వచ్చినా వరస ఇదే.

ముందుగా: మీ ఆటల జాబితా రాయండి

ఏ ఆటలు ఆడాలని ఈ బోర్డు కొన్నారో కాగితం మీద రాయండి. ఇది చాదస్తంలా కనిపిస్తుంది కానీ, సగం మంది ఎదురుచూపు ఇక్కడే తీరిపోతుంది.

1990ల్లో మన ఇళ్లలో టీవీకి తగిలించి, క్యాసెట్ పెట్టి ఆడిన వీడియో గేములు చాలావరకు నింటెండో ఫ్యామికామ్‌కు నకళ్లు. అసలు ఫ్యామికామ్ జపాన్‌లో 1983లో వచ్చింది. కాంట్రా, సూపర్ మారియో లాంటి ఆటలకు పై-3 కూడా ఎక్కువే. 1988 నాటి సెగా మెగా డ్రైవ్, 1990 నాటి సూపర్ ఫ్యామికామ్, 1994 చివర్లో వచ్చిన మొదటి ప్లేస్టేషన్, వీటి ఆటలు పై-4లో హాయిగా నడుస్తాయి. మీ జాబితా ఇక్కడితో ఆగిపోతే కొత్త బోర్డుకు సాఫ్ట్‌వేర్ ఎప్పుడొచ్చినా మీకు పెద్ద తేడా ఉండదు. పాత బోర్డులో ఆడుకుంటూ ఉండండి, కొత్తదాన్ని వేరే పనికి వాడుకోండి.

(తుపాకీతో బాతులు కొట్టే డక్ హంట్ రాసుకున్నవాళ్లకు ఒక మాట. ఆ తుపాకీ పాత డబ్బా టీవీ తెర వెలిగే పద్ధతి మీద ఆధారపడి పని చేసేది. ఎల్‌ఈడీ టీవీ మీద అది ఏ బోర్డుతోనూ పేలదు.)

కొత్త బోర్డు అవసరం నిజంగా పడేది వీటికన్నా బరువైన యంత్రాలకు: నింటెండో 64, సెగా సాటర్న్, డ్రీమ్‌కాస్ట్, పీఎస్‌పీ, కొంతవరకు గేమ్‌క్యూబ్. పై-4లో వీటిలో చాలా ఆటలు తడబడతాయి, శబ్దం తెగుతుంది. పై-5లో 2.4 గిగాహెర్ట్జ్ వేగంతో నాలుగు కార్టెక్స్ ఏ76 కోర్లు, కొత్త వీడియోకోర్ 7 గ్రాఫిక్స్ ఉన్నాయి కాబట్టి తేడా కంటికి కనిపిస్తుంది. ఈ పేర్లు మీ జాబితాలో ఉంటేనే కిందికి చదవండి.

ఏది ఏమైనా, కొత్తది వచ్చిందని పాత బోర్డును వెంటనే అమ్మేయకండి. అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చే సలహా ఇదే.

దేని కోసం ఎదురుచూస్తున్నారో విడగొట్టి చూడండి

'సపోర్ట్ రాలేదు' అని ఒక్క ముక్కలో అంటాం కానీ, అందులో నాలుగు వేరువేరు పనులున్నాయి. ఏది అయింది, ఏది కాలేదు అని తెలిస్తే విసుగు తగ్గుతుంది.

మొదటిది, బోర్డు లేవడం. కొత్త చిప్ ఎలా ఉంటుందో చెప్పే వివరాలు కెర్నల్‌లో, అంటే ఓఎస్ గుండెకాయలో, ఉండాలి. పై-5ని ప్రకటించింది 2023 సెప్టెంబరు చివర్లో. దానికి తగ్గ రాస్ప్‌బెర్రీ పై ఓఎస్, డెబియన్ బుక్‌వర్మ్ ఆధారంగా, అదే అక్టోబరులో వచ్చింది. అంతకు ముందు తయారైన ఏ ఇమేజూ (కార్డులో రాసే పూర్తి సాఫ్ట్‌వేర్ ఫైలు) పై-5లో లేవదు. పై బోర్డుల ఆటల సాఫ్ట్‌వేర్ రెట్రోపై 4.8 ఇమేజ్ 2022 మార్చి నాటిది, అంటే బోర్డు కన్నా ఏడాదిన్నర పెద్దది. దాన్ని ఎన్నిసార్లు కార్డులో రాసినా ఫలితం ఒకటే.

రెండోది, బొమ్మ. పాత పై బోర్డుల్లో తెర మీద బొమ్మ వేయడానికి బ్రాడ్‌కామ్ వాళ్ల సొంత పద్ధతి ఒకటి ఉండేది. పాత ఎమ్యులేటర్లు (పాత గేమ్ యంత్రాల్లా నటించి ఆటలు నడిపే ప్రోగ్రాములు) కొన్ని నేరుగా దాన్నే నమ్ముకుని రాసినవి. ఇప్పుడు లినక్స్‌లో అందరూ వాడే కేఎంఎస్ పద్ధతే దారి. కాబట్టి ఆ పాత ఎమ్యులేటర్లను ఎవరో ఒకరు కూర్చుని తిరగరాయాలి, లేదా వదిలేయాలి.

మూడోది, తీగలు. పై-5లో యూఎస్‌బీ, ఈథర్‌నెట్, బయటి తీగలు కలిపే జీపీఐఓ పిన్నులు ఇప్పుడు ప్రధాన చిప్‌లో లేవు. ఆర్‌పీ1 అనే వేరే చిప్ వాటిని చూసుకుంటుంది. అందుకే చెక్కతో ఆర్కేడ్ డబ్బా చేసి, బటన్ల తీగలను నేరుగా పిన్నులకు కలిపినవాళ్లకు గట్టి దెబ్బ తగిలింది. పాత జీపీఐఓ లైబ్రరీలూ డ్రైవర్లూ చాలావరకు అక్కడ పని చేయవు. దీనికి మాత్రం ఆగనక్కర్లేదు. యూఎస్‌బీ ఎన్‌కోడర్ అనే చిన్న బోర్డు తెప్పించి, బటన్లను దానికి కలపండి. అది మామూలు యూఎస్‌బీ జాయ్‌స్టిక్‌లాగే కనిపిస్తుంది కాబట్టి ఏ బోర్డుకు మార్చినా ఇబ్బంది ఉండదు. నన్నడిగితే కొత్తగా డబ్బా చేసేవాళ్లు పై-4కైనా ఇదే వాడాలి.

నాలుగోది, ఎమ్యులేటర్లు. వేగం కోసం కొన్నిటిలో 32 బిట్ ఏఆర్‌ఎం చిప్పుల భాషలో చేత్తో రాసిన భాగాలుంటాయి. 64 బిట్ ఓఎస్‌లో వాటికి బదులు వేరేవి కావాలి. మెమరీ పేజీ సైజు గొడవ ఒకటి ఉంది, దాని సంగతి తర్వాత చెబుతాను.

ఎంత కాలం పట్టొచ్చు?

ఒక పాత లెక్క ఉంది. పై-4 వచ్చింది 2019 జూన్‌లో. రెట్రోపై 4.6లో దానికి బీటా సపోర్ట్ వచ్చింది 2020 ఏప్రిల్‌లో. పది నెలలు. పై-5 విషయంలో రెట్రోపై లాంటివే అయిన బటోసెరా, రీకాల్‌బాక్స్, లక్కా 2024లో సిద్ధమయ్యాయి. రెట్రోపై మాత్రం రెడీమేడ్ ఇమేజ్ ఇవ్వడం పక్కన పెట్టి, సెటప్ స్క్రిప్టుతో వేసుకునే దారి తెరిచింది. కాబట్టి ఏ కొత్త బోర్డుకైనా ఆరు నెలల నుంచి ఏడాది మనసులో పెట్టుకోండి. సంక్రాంతికి అక్కాచెల్లెళ్ల పిల్లలు ఇంటికొస్తారని, అప్పటికి టీవీ ముందు అన్నీ సిద్ధంగా ఉండాలని దసరాకు కొత్త బోర్డు కొంటే, పండగ నాడు "ఇంకా అవలేదేటి మావయ్యా?" అన్న మాట పడాల్సి రావచ్చు. పండగకు మాట ఇచ్చింది ఏదైనా ఉంటే పాత బోర్డు మీదే ఇవ్వండి.

వీటిని తయారు చేసేవాళ్లు జీతం తీసుకుని చేయడం లేదు. ఉద్యోగం చేసుకుని, సాయంత్రం మిగిలిన టైమ్‌లో చేస్తున్నారు. బోర్డు మనకు దొరికినప్పుడే వాళ్లకూ దొరుకుతుంది. కాబట్టి 'ఎప్పుడొస్తుంది' అని వాళ్లను అడగకండి. ప్రతి ప్రాజెక్టు డౌన్‌లోడ్ పేజీలో బోర్డుల పేర్ల జాబితా ఉంటుంది. మీ బోర్డు పేరు అందులో ఉందా, లేదా? ఉంటే పక్కన ఏం రాసి ఉంది? నైట్లీ అంటే ఆ రోజు రాసిన కోడ్‌తో తయారైన ఇమేజ్, ఎవరూ ఆడి చూసి ఉండరు. బీటా అంటే చూశారు, లోపాలున్నాయి. స్టేబుల్ అంటే అందరూ వాడుకోవడానికి సిద్ధమైనది. బీటా దగ్గర నుంచి దిగొచ్చు. నైట్లీ జోలికి మాత్రం లోపాలు వెతకడం సరదా అయితేనే వెళ్లండి.

నెలకోసారి చూస్తే చాలు.

ఈలోపు సామాను సరిచూసుకోండి

పవర్ సప్లై దగ్గర మొదలుపెట్టండి. పై-5కి 5 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు ఇచ్చే అడాప్టర్ కావాలి. '65 వాట్ల ఫోన్ చార్జర్ ఉంది కదా' అనుకుంటాం. ఆ చార్జర్ ఎక్కువ వాట్లు ఇచ్చేది ఎక్కువ వోల్టుల దగ్గర. 5 వోల్టుల దగ్గర మామూలుగా 3 ఆంపియర్లే ఇస్తుంది. బోర్డు దాంతోనూ లేస్తుంది కానీ, యూఎస్‌బీ పోర్టులన్నిటికీ కలిపి 600 మిల్లీ ఆంపియర్లకు కత్తిరిస్తుంది. రెండు జాయ్‌స్టిక్‌లకు సరిపోవచ్చు. ఆటలున్న హార్డ్ డిస్క్ కూడా తగిలిస్తే, వేసవి సాయంత్రం లో-వోల్టేజీలో పంపు మోటారు మూలిగినట్టే ఉంటుంది. బోర్డుకు తగ్గ 27 వాట్ల అడాప్టరే కొనండి.

తర్వాత తీగలు. పై-5కి మైక్రో హెచ్‌డీఎంఐ కేబుల్ కావాలి. మొబైల్ షాపుల్లో సులువుగా దొరికేది మామూలు హెచ్‌డీఎంఐ. కాబట్టి బోర్డుతో పాటే ఇది కూడా ఆర్డర్ పెట్టండి. ఇంకో సంగతి, పై-4లో ఉన్న గుండ్రటి ఆడియో జాక్ పై-5లో లేదు. శబ్దం హెచ్‌డీఎంఐ ద్వారానే టీవీకి వెళ్తుంది. స్పీకర్లు లేని మానిటర్ అయితే చిన్న యూఎస్‌బీ సౌండ్ అడాప్టర్ తీసుకోవాలి. పాత డబ్బా టీవీకి కలిపి అసలు రంగుల్లో ఆడాలని ముచ్చటపడేవాళ్లకు కూడా ఆ జాక్‌తోనే దారి పోయింది. పై-5లో ఆ సిగ్నల్ కావాలంటే బోర్డు అంచున ఉన్న రెండు చుక్కలకు సోల్డర్ చేయాలి. డబ్బా టీవీ వాళ్లు పై-3 లేదా పై-4తోనే ఉండటం మేలు.

వేడి సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. మన ఊళ్లలో ఏప్రిల్, మే నెలల ఉక్క తెలిసిందే. చిప్ 80 డిగ్రీలు దాటగానే తనంతట తాను వేగం తగ్గించుకోవడం మొదలుపెడుతుంది, 85 దగ్గర ఇంకా తగ్గిస్తుంది. ఆట ఉన్నట్టుండి నెమ్మదించడానికి చాలాసార్లు కారణం ఇదే. జనం ఎమ్యులేటర్‌ను తిడతారు. యాక్టివ్ కూలర్ అనే ఫ్యాన్ బిగించండి. అది 50 డిగ్రీల దగ్గర మెల్లగా మొదలై, 75 దగ్గర పూర్తి వేగం అందుకుంటుంది. టీవీ స్టాండ్ అడుగు అరలో, సెట్‌టాప్ బాక్స్ మీద పెట్టొద్దు.

ఎస్‌డీ కార్డు కొత్తది, 32 జీబీది చాలు. పాత బోర్డు కార్డును మాత్రం తుడవకండి. చవగ్గా వచ్చిన కార్డయితే ముందు పూర్తి సైజు పరీక్ష చేయించండి. పైన 128 అని రాసి, లోపల అంతకన్నా చాలా తక్కువ ఉన్నవి మార్కెట్‌లో తిరుగుతూనే ఉన్నాయి.

సేవ్ ఫైళ్లు: అసలు పని ఇదే

ఎదురుచూసే రోజుల్లో చేయాల్సిన పనుల్లో అతి ముఖ్యమైనది ఇది. ఎక్కువమంది వదిలేసేదీ ఇదే.

ఆటను ఆపి మళ్లీ మొదలుపెట్టడానికి రెండు దారులున్నాయి. ఒకటి ఆట లోపలి సేవ్. ఒకప్పుడు క్యాసెట్‌లో బ్యాటరీతో నిలిచే మెమరీలోనో, ప్లేస్టేషన్ మెమరీ కార్డులోనో రాసుకున్నదే ఇప్పుడు చిన్న ఫైలుగా ఉంటుంది. దాని పేరు చివర ఎక్కువగా ఎస్‌ఆర్‌ఎం అని కనిపిస్తుంది. రెండోది సేవ్ స్టేట్. బటన్ నొక్కితే ఆ క్షణంలో యంత్రం మెమరీ మొత్తాన్ని ఎమ్యులేటర్ అలాగే దాచి పెట్టేస్తుంది. రెండోదే సులువు కాబట్టి అందరూ దానికే అలవాటు పడ్డారు.

చిక్కేమిటంటే, సేవ్ స్టేట్ ఆ ఎమ్యులేటర్‌కూ, చాలాసార్లు ఆ వెర్షన్‌కూ మాత్రమే అర్థమవుతుంది. కొత్త బోర్డుకు వచ్చే సాఫ్ట్‌వేర్‌లో ఎమ్యులేటర్ వెర్షన్ కచ్చితంగా మారి ఉంటుంది. అప్పుడు ఆ ఫైలు తెరుచుకోకపోవచ్చు, తెరుచుకుని ఆట స్తంభించిపోనూ వచ్చు. ఆట లోపలి సేవ్‌కు ఈ ఇబ్బంది దాదాపు ఉండదు. కాబట్టి ఇప్పుడే పాత బోర్డు పెట్టి, సగంలో ఉన్న ప్రతి ఆటనూ తెరిచి, ఆటలోనే ఉన్న సేవ్ మెనూకు వెళ్లి అక్కడ దాచండి. తర్వాత ఆట నుంచి పద్ధతిగా బయటికి రండి. చాలా ఎమ్యులేటర్లు ఆ ఫైలును కార్డు మీద రాసేది బయటికి వచ్చేటప్పుడే. స్విచ్ కట్టేస్తే దాచింది దాచినట్టు కాదు. లోపల సేవ్ సదుపాయమే లేని కాంట్రా లాంటి ఆటలకు చేయగలిగిందేమీ లేదు, మళ్లీ మొదటి లెవెల్ నుంచే.

ఇప్పుడు ఫైళ్లు బయటికి తీయాలి. కార్డును తెచ్చి విండోస్ ల్యాప్‌టాప్‌లో పెడితే, 'ఈ డిస్క్‌ను ఫార్మాట్ చేయాలి, చేయమంటారా' అని అడుగుతుంది. లినక్స్ భాగాన్ని అది చదవలేక అడిగే ప్రశ్న అది. ఎట్టి పరిస్థితిలోనూ సరే అనకండి! బోర్డును ఆన్ చేసి, ఇంటి వైఫైకి కలిపి, ల్యాప్‌టాప్‌లోని నెట్‌వర్క్ ఫోల్డర్ల ద్వారా కాపీ చేసుకోండి. రెట్రోపైలో సేవ్ ఫైళ్లు మామూలుగా ఆటల ఫోల్డర్లలోనే, ఆట ఫైలు పక్కనే ఉంటాయి. బటోసెరా, రీకాల్‌బాక్స్‌లలో సేవ్స్ అని వేరే ఫోల్డర్ ఉంటుంది. కాబట్టి రెట్రోపై నుంచి బటోసెరాకు మారేవాళ్లు ఫైళ్లను విడదీసి, యంత్రాల వారీగా ఆ ఫోల్డర్లలో వేసుకోవాలి. పేరు ఆట ఫైలు పేరుతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి.

ఆర్కేడ్ ఆటలున్నవాళ్లకు ఇంకో తలనొప్పి. ఆ ఆటల ఫైళ్లు ఎమ్యులేటర్ వెర్షన్‌తో జత కుదరాలి. మేమ్ 2003 అనే ఎమ్యులేటర్ మేమ్ 0.78 వెర్షన్ నాటి ఫైళ్లనే అడుగుతుంది. ఎఫ్‌బీనియో అనే మరో ఎమ్యులేటర్ ఎప్పటికప్పుడు కొత్తవి అడుగుతుంది. నిన్నటిదాకా ఆడిన ఆర్కేడ్ ఆట కొత్త బోర్డులో లేవకపోతే అది బోర్డు తప్పు కాకపోవచ్చు.

ఆటల ఫైళ్ల గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. పదివేల ఆటలు నింపిన కార్డులు, స్టిక్‌లు ఆన్‌లైన్‌లో అమ్ముతుంటారు. హక్కుల సంగతి పక్కన పెట్టినా, లోపల ఏ పాత ఇమేజ్ ఉందో, ఎవరేం కలిపారో తెలియదు. కొత్త బోర్డుకు అది పనికిరాకపోతే అడగడానికి మనిషి ఉండడు. మీ దగ్గరున్న అసలు క్యాసెట్లు, సీడీల నుంచి తీసుకున్నవి వాడండి. పరీక్షించడానికి అయితే ఉచితంగా దొరికేవి చాలు: 1993 నాటి డూమ్ షేర్‌వేర్ భాగం, 2004లో ఉచితంగా విడుదలైన కేవ్ స్టోరీ.

ఆగలేనివాళ్లకు

పై-5 విషయంలో ఇప్పుడు మూడు దారులున్నాయి. నా ఓటు మొదటిదానికే.

బటోసెరా గానీ రీకాల్‌బాక్స్ గానీ వేసుకోండి. రాస్ప్‌బెర్రీ పై ఇమేజర్‌తో కార్డులో రాయడం, బోర్డులో పెట్టడం, జాయ్‌స్టిక్ బటన్లు చూపించడం, అంతే పని. ఇమేజ్ దించేటప్పుడు మీ బోర్డు పేరుతో ఉన్నదే దించండి. పై-4ది దించి పై-5లో పెడితే కథ మొదటికే వస్తుంది. ఫైలు కొన్ని జీబీలుంటుంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద మొదలుపెడితే ఆ రోజు డేటా అయిపోతుంది. దిగాక చెక్‌సమ్ (ఫైలు సరిగ్గా దిగిందో లేదో చెప్పే సంఖ్య) కలిసిందో లేదో చూడండి. మధ్యలో నెట్ తెగి సగం దిగిన ఫైలుతో రాసిన కార్డులు చాలామందిని ఏడిపించాయి. మెనూలు అక్కర్లేదు, బోర్డు వేగం మొత్తం ఆటకే కావాలనుకుంటే లక్కా చూడండి. అందులో ఉండేది రెట్రోఆర్క్, అంటే ఎన్నో ఎమ్యులేటర్లను ఒకేచోట నడిపే ప్రోగ్రాము, ఒక్కటే.

రెండో దారి, రెట్రోపైనే కావాలి అనేవాళ్లకు. ఇమేజర్‌లో రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ లైట్, 64 బిట్ రకాన్ని ఎంచుకోండి. రాసే ముందు సెట్టింగ్స్‌లో యూజర్ పేరు, పాస్‌వర్డ్, వైఫై వివరాలు, దేశం ఇండియా అని పెట్టండి. ఇప్పటి ఓఎస్‌లో ముందే ఉండే యూజర్ అంటూ ఎవరూ లేరు కాబట్టి ఇది మరిచిపోతే మొదటిసారి ఆన్ చేసినప్పుడు కీబోర్డు వెతుక్కోవాలి. బోర్డు లేచాక అప్‌డేట్లు అన్నీ వేసి, గిట్ అనే ప్యాకేజీ వేసి, రెట్రోపై సెటప్ స్క్రిప్టును దించి, అడ్మిన్ హక్కులతో నడపండి. కమాండ్లను రెట్రోపై వాళ్ల సూచనల పేజీ నుంచే యథాతథంగా కాపీ చేసుకోండి, వీడియోల్లో చూసి టైపు చేయకండి. మెనూలో బేసిక్ ఇన్‌స్టాల్ ఎంచుకోండి.

ఆ తర్వాత ఓపిక పట్టాలి. పాత బోర్డులకైతే ముందే తయారు చేసిన ప్రోగ్రాములు దిగేవి. ఇక్కడ ప్రతి ఎమ్యులేటర్‌నూ మీ బోర్డే కోడ్ నుంచి తయారు చేసుకుంటుంది. గంటల తరబడి నడుస్తుంది, నాలుగు కోర్లూ కాలుతుంటాయి. ఫ్యాన్ లేకుండా మొదలుపెట్టొద్దు. మధ్యలో కరెంటు పోతే ఆ పని మళ్లీ చేయించొచ్చు, కానీ కార్డులో ఫైల్ సిస్టమ్ చెడితే అంతా మొదటి నుంచే. కాబట్టి బోర్డూ, వైఫై రూటరూ రెండూ ఇన్వర్టర్ మీద ఉన్న ప్లగ్గుల్లోనే పెట్టండి. రూటర్‌ను మరిచిపోతే నెట్ పోయి డౌన్‌లోడ్‌లు ఆగిపోతాయి. ల్యాప్‌టాప్ నుంచి రిమోట్‌గా చేస్తుంటే టీమక్స్ లాంటిది తెరిచి అందులో నడపండి, అప్పుడు ల్యాప్‌టాప్ నిద్రపోయినా బోర్డులో పని ఆగదు. అక్టోబరు, నవంబరుల్లో తుపాను హెచ్చరిక ఉన్న రోజు ఈ పని పెట్టుకోకండి. 2018లో తిత్లీ వచ్చినప్పుడు ఉద్దానం ఊళ్లు ఎన్ని రోజులు చీకట్లో ఉన్నాయో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు.

మూడోది, మామూలు డెస్క్‌టాప్ ఓఎస్‌లో రెట్రోఆర్క్ ప్యాకేజీ ఒక్కటే వేసుకోవడం. పాత 8 బిట్, 16 బిట్ ఆటలకు ఇది చాలు. కొత్త బోర్డు వచ్చిన మొదటి వారంలోనే పని చేసే అవకాశం ఎక్కువగా ఉన్నదీ ఇదే, ఎందుకంటే దీనికి ఓఎస్ ఉంటే సరిపోతుంది.

మెనూ వచ్చింది, ఆట రాలేదు

అన్ని ఆటలూ కాకుండా ఒక్క యంత్రం ఆటలే లేవకపోతే, ఆ ఎమ్యులేటర్‌కు బదులు అదే యంత్రానికున్న మరో ఎమ్యులేటర్‌ను ఎంచుకుని చూడండి. రెట్రోపైలో ఆట మొదలయ్యేటప్పుడు ఏదైనా బటన్ నొక్కితే ఆ మెనూ వస్తుంది.

అప్పుడూ లేవకపోతే, ముందు చెప్పిన పేజీ సైజు సంగతి చూడాలి. పై-5లో రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ మెమరీని 16 కేబీ ముక్కలుగా చూసే కెర్నల్‌తో లేస్తుంది. ఎన్నో ఏళ్లుగా అందరూ రాసింది 4 కేబీ ముక్కలకు. ఆ లెక్క మీదే రాసిన కొన్ని ప్రోగ్రాములు ఇక్కడ చప్పుడు లేకుండా మూసుకుపోతాయి. దీనికి మందు సులువే. బూట్ ఫోల్డర్‌లోని ఫర్మ్‌వేర్ ఫోల్డర్‌లో కాన్ఫిగ్ డాట్ టీఎక్స్‌టీ అనే ఫైలు తెరిచి, చివర కొత్త లైనులో కెర్నల్ ఈక్వల్ టు కెర్నల్8 డాట్ ఐఎంజీ అని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా రాసి రీస్టార్ట్ చేయండి. 4 కేబీ కెర్నల్‌తో లేస్తుంది. వేగం కొద్దిగా తగ్గొచ్చు, ఆటలో తెలియదు. నచ్చకపోతే ఆ లైను తీసేస్తే మళ్లీ మామూలే.

దీనితోనూ కుదరకపోతే తయారుచేసినవాళ్లకు చెప్పాల్సిందే. 'ఆట రావట్లేదు, హెల్ప్' అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. బోర్డు పేరు, ఎన్ని జీబీ ర్యామ్, ఏ పవర్ సప్లై, ఓఎస్ వెర్షన్, ఏ ఎమ్యులేటర్, ఏ ఆట అని రాసి, రన్‌కమాండ్ లాగ్ అనే ఫైలులో ఉన్నది జత చేయండి. ఆ లాగ్ మెమరీలో ఉంటుంది కాబట్టి బోర్డు ఆపితే పోతుంది. ఆట విఫలమైన వెంటనే కాపీ చేసుకోండి. ఇంగ్లిష్ సరిగా రాదని మొహమాటపడొద్దు, వాళ్లకు కావాల్సింది లాగ్. ఇదే లోపాన్ని ఎవరైనా ముందే రాసి ఉంటే కొత్తది తెరవకుండా అక్కడే మీ వివరాలు చేర్చండి.

మారే రోజు

స్టేబుల్ వచ్చేసింది, మీ జాబితాలోని ఆటలు కొత్త కార్డులో నడుస్తున్నాయి. అప్పుడు ముందుగా దాచిన సేవ్ ఫైళ్లు వేయండి, ఒక్కో యంత్రానికి ఒక్కో ఆట తెరిచి మీ సేవ్ కనిపిస్తోందో లేదో చూడండి. బ్లూటూత్ జాయ్‌స్టిక్‌లను కొత్తగా జత చేయాలి, పాత జత రాదు. పాత కార్డుకు పేరు రాసిన కాగితం అంటించి డబ్బాలో పడేయండి. పాత బోర్డు అమ్మాలనుకుంటే పిల్లలు ఒక సెలవుల సీజన్ అంతా కొత్తదాని మీద ఆడాకే. అన్నీ సవ్యంగా నడుస్తున్నప్పుడు ఇంకో అప్‌డేట్ వచ్చిందని తెర మీద కనిపిస్తే, కార్డును మొత్తంగా ఇమేజ్ తీసి దాచుకున్నాకే సరే నొక్కండి.